2 మైళ్ళు 14 నిమిషాల లోపు: హైస్కూల్ సాకర్ ట్రైఅవుట్స్‌కి 7 వారాల్లో పాపని ఎలా రెడీ చేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. పాప సెప్టెంబర్‌లో 9వ తరగతిలోకి వెళ్తోంది, ఆగస్టు మూడో వారంలో స్కూల్ గర్ల్స్ సాకర్ (మన ఫుట్‌బాల్) ట్రైఅవుట్స్, అంటే టీమ్ సెలెక్షన్స్, కోచ్ పంపిన మెయిల్‌లో మొదటి రోజు 2 మైళ్ళు 14 నిమిషాల లోపు, రెండో రోజు 120 గజాల పరుగులు 10, ఒక్కోటి 20 సెకన్లలో అని ఉంది, మీరు పార్కులో టైమ్ పెట్టి పరిగెత్తిస్తే 16 నిమిషాల 20 సెకన్లు వచ్చింది, నాలుగేళ్ళుగా క్లబ్‌లో బాగా ఆడుతున్న పిల్లని ఒక్క పరుగు చూసి తీసేస్తారా, ఉన్న 7 వారాలు సరిపోతాయా అని అడిగారు.

సరిపోతాయి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మీరే ఒక ముక్క రాశారు, మొదటి మైలు 7:10 లో అయిపోయింది రెండోది 9:10 పట్టింది అని. నా లెక్కలో సగం సమస్య అక్కడే ఉంది. పిల్లకి దమ్ము లేక కాదు, ఉన్న దమ్మంతా మొదటి ఐదు నిమిషాల్లోనే ఊడ్చి పెట్టేసింది.

నేను అమెరికాలో సెంట్రల్ న్యూజెర్సీలో ఒక హైస్కూల్ అమ్మాయిల టీమ్‌కి 11 ఏళ్ళుగా అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నాను, ఆగస్టులో స్టాప్‌వాచ్ పట్టుకుని గీత పక్కన నిలబడేది నేనే. అంతకుముందు ఇండియాలో యూనివర్సిటీ తరఫున 800, 1500 మీటర్లు పరిగెత్తాను. మా అమ్మాయి కూడా ఇదే టెస్ట్ ఇంకో స్కూల్లో రాసి, అదే పరిగెత్తి, మొదటిసారి ఫెయిలయింది, అది కింద చెప్తాను. కాబట్టి ఇటు కోచ్ వైపు, అటు తల్లిదండ్రుల వైపు రెండూ చూశాను.

ముందు అసలు ఈ టెస్ట్ ఎందుకు పెడతారో తెలిస్తే సగం భయం పోతుంది. 70, 80 మంది పిల్లలు వస్తారు, వార్సిటీ (స్కూల్ మెయిన్ టీమ్), జేవీ (రెండో టీమ్), ఫ్రెష్‌మన్ (9వ తరగతి టీమ్) మూడు టీములకి కలిపి ఒక 55 మందిని తీసుకోవాలి, చేతిలో ఉండేది నాలుగైదు రోజులు. ఆట చూసి చెప్పే మాట మీద ఎవరైనా గొడవ పెట్టుకోవచ్చు, గడియారం మీద ఎవరూ పెట్టుకోలేరు. ఇంకోటి, జూన్‌లో మెయిల్ పంపి ఆగస్టులో టెస్ట్ పెట్టారంటే వేసవి అంతా ఎవరు పని చేశారు ఎవరు సోఫాలో ఉన్నారు అని చూడటానికే. అంటే ఇది హోంవర్క్ చెకింగ్ లాంటిదన్నమాట. హోంవర్క్ కాబట్టే ముందుగా చేసుకుని వెళ్ళొచ్చు.

ఆటకి ఇది సరైన కొలతేనా అంటే, నా ఉద్దేశంలో కాదు, ఈ మాట మా హెడ్ కోచ్‌తోనూ చాలాసార్లు అన్నాను. హైస్కూల్ మ్యాచ్ 80 నిమిషాలు, 40, 40గా రెండు హాఫ్‌లు, సబ్స్ లోపలికి బయటికి తిరుగుతూనే ఉంటారు. ఆ 80 నిమిషాల్లో పిల్ల చాలాసేపు నడుస్తుంది, కాసేపు జాగ్ చేస్తుంది, మూడు సెకన్లు ప్రాణం పెట్టి పరిగెత్తుతుంది, ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ పరిగెత్తుతుంది. ఒకే వేగంతో 14 నిమిషాలు ఆపకుండా పరిగెత్తే సందర్భం ఆటలో ఒక్కసారి కూడా రాదు. ఈ నిలకడ పరుగు టెస్టులు కెనెత్ కూపర్ అనే డాక్టర్ అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ కోసం 1968లో పెట్టిన 12 నిమిషాల టెస్ట్ బాటలో వచ్చినవి, అది సైనికుల గుండె, ఊపిరితిత్తుల బలం తేల్చడానికి తయారైంది. మీ పాప మిడిల్ స్కూల్ జిమ్ క్లాసులో బీప్ వినిపిస్తే అటూ ఇటూ పరిగెత్తే పేసర్ టెస్ట్ చేసే ఉంటుంది, అది కెనడాలో లూక్ లెజే 1980ల మొదట్లో తెచ్చిన 20 మీటర్ల షటిల్‌కి తమ్ముడు. సాకర్‌కి దగ్గరగా ఉండేది డెన్మార్క్ ఆయన యెన్స్ బాంగ్స్‌బో చేసిన యో-యో టెస్ట్, 20 మీటర్లు వెళ్ళి 20 మీటర్లు వచ్చి 10 సెకన్లు ఊపిరి తీసుకుని మళ్ళీ వెళ్ళాలి, వేగం పెరుగుతూ పోతుంది. మన వాళ్ళకి ఆ పేరు క్రికెట్ వల్ల తెలుసు, 2018లో ఐపీఎల్‌లో 602 పరుగులు కొట్టి ఇంగ్లండ్ టూర్ వన్డేలకి సెలెక్ట్ అయిన అంబటి రాయుడు ఈ టెస్ట్ దగ్గరే ఆగిపోయాడు, ఆ టూర్ పోయింది, తర్వాత పాసై అదే ఏడాది ఆసియా కప్ ఆడాడు. మీ పాపకి ఇది చెప్పండి, టెస్ట్ పోయినంత మాత్రాన ఆట రానట్టు కాదని వాళ్ళకి తెలియాలి.

ఏ టెస్టో ముందే కచ్చితంగా కనుక్కోవడం ముఖ్యం, ఎందుకంటే ఒక్కోదానికి తయారీ వేరు. మీ కోచ్ మెయిల్‌లో స్పష్టంగా రాశారు కాబట్టి అదృష్టం. అయినా మూడు విషయాలు అడగండి, 2 మైళ్ళు ట్రాక్ మీదా గ్రౌండ్ చుట్టూనా, 120 గజాలు పరిగెత్తాక వెనక్కి రావడానికి ఎంత టైమ్ ఇస్తారు, టైమ్ రాకపోతే మళ్ళీ అవకాశం ఉందా. మీరు కాదు, పాప చేత అడిగించండి. 9వ తరగతి పిల్ల సొంతంగా రెండు లైన్ల మెయిల్ రాస్తే కోచ్‌లకి గుర్తుంటుంది.

ఇక అసలు సంగతి, పేస్, అంటే ఏ వేగంతో పరిగెత్తాలన్నది. 400 మీటర్ల ట్రాక్ మీద 2 మైళ్ళంటే దాదాపు 8 ల్యాప్‌లు, అంటే 8 చుట్లు, 14 నిమిషాలంటే 840 సెకన్లు, ఒక్కో ల్యాప్ 105 సెకన్లు. సగం ల్యాప్ 52, 53. ఈ రెండు నంబర్లు పాపకి ఇంటి ఫోన్ నంబర్‌లా నోటికి రావాలి.

ట్రైఅవుట్ మొదటి రోజు ఏం జరుగుతుందో ప్రతి ఏడూ చూస్తాను. పొద్దున్న 8కి గడ్డి ఇంకా తడిగానే ఉంటుంది, 30 మంది అమ్మాయిలు గీత మీద ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నిలబడతారు, విజిల్ ఊదగానే వార్సిటీ సీనియర్లు నలుగురు ముందుకి దూసుకుపోతారు, వాళ్ళ వెనక కొత్త పిల్లలంతా భయంతో పరిగెత్తుతారు. నేను మొదటి ల్యాప్ సెకన్లు గట్టిగా చదువుతుంటాను, 82, 84, 85, 88. అక్కడే చాలామంది పని అయిపోతుంది. పోయిన ఏడాది ఒక చిన్నపిల్ల, పోనీటెయిల్‌కి పసుపు రిబ్బన్, మొదటి ల్యాప్ 83లో వచ్చింది, నవ్వుతోంది కూడా, మూడో ల్యాప్‌కి 104, ఐదో ల్యాప్ మలుపులో నడుము పట్టుకుని నడవడం మొదలుపెట్టింది, ఏడుపు ఆపుకుంటోంది. అదే గుంపులో చివర ఇంకో పిల్ల 107లో వచ్చింది, పక్కన ఎవరూ లేరు, పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్కపెట్టుకుంటోంది. 106, 106, 105. ఆరో ల్యాప్ దగ్గర్నుంచి ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటూ వచ్చి 13:52లో పూర్తి చేసింది. ఇద్దర్నీ ఆ తర్వాత సీజనంతా చూశాను, దమ్ములో పెద్ద తేడా ఏమీ లేదు.

కాబట్టి మొదటి వారంలో మీరు నేర్పించాల్సింది వేగం కాదు, 105 సెకన్ల ల్యాప్ ఒంటికి ఎలా అనిపిస్తుందో అది. ట్రాక్‌కి తీసుకెళ్ళండి, వాచ్ మీ దగ్గర పెట్టుకోండి, 105లో ఒక ల్యాప్ వేయమనండి, వచ్చాక ఎంత అయుంటుందో తననే చెప్పమనండి, తర్వాత చూపించండి. మొదట్లో 92 వేసి 105 అనుకుంటుంది. నాలుగైదు రోజులకి రెండు సెకన్ల తేడాలోకి వస్తుంది, ఈ పిల్లలు చాలా త్వరగా పట్టేస్తారు. చేతికి జీపీఎస్ వాచ్ ఉంటే ట్రాక్ మలుపుల్లో దాన్ని నమ్మొద్దు, దూరం తప్పు చూపిస్తుంది, గీత దగ్గర టైమ్ చూసుకోవడమే కరెక్ట్.

వారానికి మూడు రోజులే పరుగు. క్లబ్ ప్రాక్టీస్ రెండు రోజులు ఎలాగూ ఉంటుంది, మిగతా రెండు రోజులు పూర్తిగా రెస్ట్. మన వాళ్ళకి ఇది చెప్తే నచ్చదు, ఐఐటీ కోచింగ్ లాగా ఏడు రోజులూ రుద్దాలనిపిస్తుంది, కానీ ఎముకలు, కండరాలు గట్టిపడేది రెస్ట్ రోజునే. మూడు రోజుల్లో ఒక రోజు ట్రాక్, మొదటి రెండు వారాలు 400 మీటర్లు 6 సార్లు, ఒక్కోటి 105లో, మధ్యలో 90 సెకన్ల నడక. 3, 4 వారాల్లో 800 మీటర్లు 4 సార్లు, ఒక్కోటి 3:30, మధ్యలో రెండు నిమిషాలు. 5, 6 వారాల్లో ఒక మైలు 7 నిమిషాల్లో, నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ ఒక మైలు. ఇది చేయగలిగిందంటే 14 వచ్చేసినట్టే. రెండో రోజు నెమ్మది పరుగు, 25 నుంచి 30 నిమిషాలు, పక్కన ఫ్రెండ్‌తో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా, మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. ఇదేదో వృథా అనుకుంటారు గానీ దమ్ము పెరిగేది ఎక్కువగా దీంతోనే.

మూడో రోజు గడ్డి మీద 120లు. 120 గజాలంటే దాదాపు 110 మీటర్లు, గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరికి. కాలేజీ అమ్మాయిలకి 18 సెకన్లు పెడతారు, మీ కోచ్ 20 ఇచ్చారు, 14 ఏళ్ళ పిల్లకి అది న్యాయమైన నంబరే. మామూలుగా వెనక్కి జాగ్ చేస్తూ రావడానికి 30 సెకన్లు, ఆ తర్వాత 30 సెకన్లు రెస్ట్ ఉంటుంది. మొదటి వారం 5 చాలు, అదీ 22 సెకన్లలో. వారానికి ఒకటి పెంచుకుంటూ, టైమ్ కాస్త తగ్గించుకుంటూ వెళ్ళండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది, పిల్లలు మొదటి మూడూ 17లో పరిగెత్తి గొప్ప అనుకుంటారు, ఏడోది రాదు. 19న్నరలో వస్తే చాలు, మొదటిదీ 19న్నరే, పదోదీ 19న్నరే. ఇంకోటి, గీత దాటగానే టక్కున ఆగొద్దు, నాలుగైదు చిన్న అడుగులు వేసి ఆగాలి. ఈ వయసు అమ్మాయిల్లో మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే ఎక్కువ, సడన్‌గా ఆగేటప్పుడు, తిరిగేటప్పుడే తెగుతుంది, మా టీమ్‌లోనే 11 ఏళ్ళలో నలుగురు ఆపరేషన్ దాకా వెళ్ళారు. ఫిఫా 11 ప్లస్ అని ఒక వార్మప్ ఉంది, వీడియోలు ఫ్రీగా దొరుకుతాయి, 20 నిమిషాలు పడుతుంది, ఆటలో గాయాలు తగ్గించడానికి తయారుచేసింది, మోకాళ్ళకీ మంచిది, ఈ మూడు రోజులూ పరుగుకి ముందు తప్పకుండా చేయించండి.

ట్రాక్ మీద క్లీట్స్ (కింద ముళ్ళుండే సాకర్ బూట్లు) వేయొద్దు, రన్నింగ్ షూస్ కొనండి. కాలనీలో సిమెంట్ పేవ్‌మెంట్ మీద పరిగెత్తిస్తే కాలి ముందు ఎముక నొప్పి పట్టుకోవచ్చు, పట్టుకుంటే ఆగి తీరాలి. పూర్తి 2 మైళ్ళ టైమ్ ట్రయల్ 3వ వారం చివర ఒకసారి, 6వ వారం మొదట్లో ఒకసారి, అంతే. ప్రతి ఆదివారం నాన్న వాచ్ పట్టుకుని నిలబడితే ఆదివారమంటేనే భయం పుడుతుంది. చివరి వారం సగం పని, టెస్ట్‌కి ముందు రెండు రోజులు పరుగే వద్దు, బంతితో ఆడుకోనివ్వండి.

ఇప్పుడు మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడని సంగతి. మీరు శాకాహారులమని రాశారు. పీరియడ్స్ మొదలైన అమ్మాయి, శాకాహారం, పైగా రోజూ ఆట, ఈ మూడూ కలిస్తే ఒంట్లో ఐరన్ తగ్గిపోవడం చాలా మామూలు. హీమోగ్లోబిన్ నార్మల్‌గానే కనిపించినా ఐరన్ నిల్వలు ఖాళీ అయిపోయి ఉండొచ్చు, అది తెలియాలంటే ఫెరిటిన్ టెస్ట్ చేయించాలి. మా టీమ్‌లో ఒక తెలుగమ్మాయి ఉండేది, చెప్పినవన్నీ చేసేది, ఐదు వారాల తర్వాత టైమ్ తగ్గకపోగా 30 సెకన్లు పెరిగింది, మెట్లెక్కితే ఆయాసం, ఇంట్లో వాళ్ళు ఫోన్ ఎక్కువ చూస్తోంది నిద్ర చాలట్లేదు అనుకున్నారు. వాళ్ళమ్మగారితో నేనే మాట్లాడాను, డాక్టర్ చూసి టాబ్లెట్లు ఇచ్చారు, సీజన్ చివరికి వేరే పిల్లలా ఉంది. ఆ పిల్లని బద్ధకస్తురాలని ఇంట్లో అన్నారట, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. స్కూల్ ఫిజికల్ ఫారం, అంటే ఆడటానికి ఫిట్ అని డాక్టర్ ఇచ్చే కాగితం, దాని కోసం ఎలాగూ పీడియాట్రీషన్ దగ్గరికి వెళ్తారు కదా, అప్పుడే ఫెరిటిన్ అడగండి. డాక్టర్ చెప్పకుండా ఐరన్ టాబ్లెట్లు మాత్రం వేయొద్దు. తిండిలో పప్పులు, శనగలు, రాజ్మా, ఆకుకూరలు పెంచి పైన నిమ్మకాయ పిండండి, ఐరన్ బాగా ఒంటికి పడుతుంది, భోజనంతో పాటు టీ మానిపించండి, అది పట్టనివ్వదు. పీరియడ్స్ రోజుల్లో పరిగెత్తొచ్చా అని తను మిమ్మల్ని అడగకపోవచ్చు, వాళ్ళమ్మని మాట్లాడమనండి. పరిగెత్తొచ్చు. టెస్ట్ ఆ రోజుల్లోనే పడినా కంగారు పడకుండా ఉంటుంది. కానీ ట్రైనింగ్ ఎక్కువై నెలల తరబడి రాకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఫిజికల్ ఫారం అంటే గుర్తొచ్చింది, అది లేకపోతే గ్రౌండ్‌లో కాలు కూడా పెట్టనివ్వరు, జులైలోనే పూర్తి చేసి స్కూల్‌కి అప్‌లోడ్ చేయండి. పరిగెత్తితే దగ్గు, ఛాతీ బిగుసుకోవడం లాంటివి ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి, ఇన్‌హేలర్ ఇస్తే స్కూల్‌లో వాడటానికి వేరే ఫారం ఉంటుంది.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఆగస్టులో ఇక్కడ ఉక్కపోత మన విజయవాడని గుర్తుచేస్తుంది, ఏసీ ఇంట్లోంచి నేరుగా వెళ్ళి పరిగెత్తే పిల్లలకి తట్టుకోవడం రాదు. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు కావాలి, అందుకే చివరి రెండు వారాలు టెస్ట్ జరిగే టైమ్‌కే, అంటే పొద్దున్న 8కే పరిగెత్తించండి, మొదటి మూడు రోజులు తక్కువ తక్కువగా. ముందు రోజు నుంచీ నీళ్ళు, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పాపకి ఇది గట్టిగా చెప్పండి, కళ్ళు తిరిగినా, తల దిమ్ముగా ఉన్నా, చలేస్తున్నట్టు ఒళ్ళు గగుర్పొడిచినా టైమ్ ఎంతున్నా సరే ఆగిపోవాలి, గ్రౌండ్‌లో పిల్లల దెబ్బలు, ఆరోగ్యం చూసే అథ్లెటిక్ ట్రైనర్‌కి చెప్పాలి. పక్క పిల్ల తడబడి నడుస్తూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే వెంటనే పెద్దవాళ్ళని పిలవాలి, 911కి ఫోన్ చేస్తూనే ముందు చల్లటి నీళ్ళ టబ్‌లో ఒళ్ళు చల్లబరచాలి, హాస్పిటల్‌కి తరలించడం ఆ తర్వాత.

మా అమ్మాయి సంగతి చెప్తానన్నాను కదా. 13:40లో పరిగెత్తగల పిల్ల, టెస్ట్ రోజు పొద్దున్న 7:15కి ప్రేమ కొద్దీ మూడు ఇడ్లీలు, సాంబారు, పైన గ్లాసు పాలు పెట్టాం, 8కి పరుగు. నాలుగో ల్యాప్‌లో డొక్కలో పోటు, ఆరో ల్యాప్‌లో పక్కకి వెళ్ళి వాంతి, 15:10. తప్పు మాది, పిల్ల మాత్రం వారం రోజులు తనదే అనుకుంది. రాత్రి అన్నం పప్పు మామూలుగా తిననివ్వండి, పొద్దున్న రెండు గంటల ముందు ఒక అరటిపండు, రెండు బ్రెడ్ ముక్కలు, అంతే, పాలు వద్దు. టైమ్ ట్రయల్ రోజుల్లోనే ఇదే తిండి పెట్టి చూసుకోండి, కొత్తది ఏదీ ఆ రోజు ప్రయత్నించొద్దు.

టెస్ట్ రోజు తను గుంపు చివరి నుంచి మొదలుపెట్టాలి. మొదటి ల్యాప్ 106, 107, ఎంతమంది ముందుకెళ్ళినా సరే. అందరికీ కష్టంగా ఉండేది ఆరో ల్యాప్, అప్పటికి కాళ్ళు బరువెక్కుతాయి, ముగింపు ఇంకా కనపడదు, అక్కడ ఎదుటి పిల్ల వీపు చూసుకుంటూ పరిగెత్తమనండి. ఏడో ల్యాప్ నుంచి కొంచెం కొంచెం పెంచొచ్చు.

14 రాకపోతే ఏమవుతుంది? స్కూల్‌ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల మర్నాడు పొద్దున్నే మళ్ళీ పరిగెత్తిస్తారు, కొన్నిచోట్ల టీమ్‌లోకి తీసుకుని పాసయ్యేదాకా మ్యాచ్ ఆడనివ్వరు. చాలా తక్కువ చోట్ల గడియారం చూసి మొదటి రోజే ఇంటికి పంపేస్తారు. ఆ పద్ధతి తప్పని నేను మొహం మీదే చెప్తాను. మొదట్లో పనిచేసిన ఒక స్కూల్లో అలాగే 40 సెకన్ల తేడాతో ఒక మిడ్‌ఫీల్డర్‌ని పంపేశారు, బంతి కాలికి రాకముందే ఎటు పంపాలో చూసి పెట్టుకునే పిల్ల, నేను కొత్త, నోరు తెరవలేకపోయాను, ఇప్పటికీ ఆ పిల్ల బ్యాగ్ సర్దుకుని పార్కింగ్ లాట్‌కి నడిచి వెళ్ళడం గుర్తుంది. మా దగ్గర మాత్రం టైమ్ పక్కన ఇంకో గడి పెట్టించాను, నడిచిందా, నడవలేదా అని. 14:25లో ఒక్కసారి కూడా నడవకుండా వచ్చిన పిల్లని రెండో రోజు నలుగురు నలుగురి ఆటల్లో తప్పకుండా గమనిస్తాం. మీ పాప క్లబ్ ఆట నిజంగా అంత బాగుంటే అక్కడ కనపడుతుంది.

మీరు మాత్రం ఆ రోజు ఫెన్స్ దగ్గర నిలబడొద్దు, కారులో ఉండండి. బయటికొచ్చాక నీళ్ళ బాటిల్ చేతికివ్వండి, టైమ్ తనే చెప్తుంది.

3వ వారం ట్రయల్ అయ్యాక 8 ల్యాప్‌ల టైములు విడివిడిగా రాసి పంపండి, మొత్తం టైమ్ ఒక్కటే వద్దు. ఫెరిటిన్ రిపోర్ట్ విషయంలో డాక్టర్ ఏమన్నారో కూడా చెప్పండి, దాన్నిబట్టి 4వ వారం 800లు తగ్గించాలో పెంచాలో చూద్దాం.